దెయ్యాల పుస్తకాల టీచరమ్మ

మా మేనకోడలు అబద్ధం చెప్పినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. గుంటూరులో అది ఇంటర్ చదివే హాస్టల్ కాలేజీ. ప్రిన్సిపాల్ టేబుల్ మీద, దొంగసొత్తు పట్టుకొచ్చి పెట్టినట్టు, ఒక ఇంగ్లీషు నవల. అట్ట మీద మంచు పట్టిన అడవి, అందులో ఎర్ర కోటు వేసుకున్న ఒక పిల్ల, చెట్ల మధ్య నుంచి దాన్నే చూస్తున్న రెండు పచ్చటి కళ్లు. ఆ కళ్లున్నవాడు పున్నమినాడు తోడేలుగా మారతాడు. మిగతా రోజుల్లో గిటారు వాయిస్తాడు.

"ఇది నీకెక్కడిదమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"మా అత్తదండి. అత్తే చదవమని ఇచ్చింది."

అత్తంటే నేను. మా అన్నయ్యా వదినా ఒక్కసారే నా వైపు తిరిగారు. పుస్తకం లోపలి పేజీలో నా పేరు ఉన్న మాట నిజమే. నేనే కొన్నాను. కానీ ఇచ్చింది నేను కాదు. ఆ పిల్లే సెలవులకొచ్చి, నా బీరువాలోంచి అడక్కుండా తీసుకుని, పెట్టెలో బట్టల కింద పెట్టుకుని వెళ్లింది. అసలు ఇలాంటి పుస్తకాల రుచి నాకు చూపించిందే అది.

అది పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి. పర్చూరులో మా అన్నయ్యకు పురుగుమందుల కొట్టు ఉంది. ఆ ఇంటి మేడ మీద గదిలో నేనుండేదాన్ని. పక్క ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి ఊరుకున్నారు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోతే మేనకోడలు పైకొచ్చి, స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, "అత్తా, నవ్వకుండా ఒక యాభై పేజీలు చదువు" అంది.

అంతరిక్షంలో పోతున్న ఓడలో పుట్టిన పిల్ల కథ అది. వాళ్ల ముత్తాతల కాలంలో బయల్దేరిన ఓడ. ఆ పిల్ల మట్టి అనే మాట విన్నదే గాని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఒకచోట, గాజు పెట్టెలో దాచిన పిడికెడు మట్టిని దొంగతనంగా తీసి వాసన చూస్తుంది. చూసి, భయపడి, చేతులు కడుక్కోకుండా పడుకుంటుంది. మా నల్లరేగడి నేలలో వాన పడితే చెప్పులు ఊడి అక్కడే ఉండిపోతాయి. అంత మట్టిని తిట్టుకుంటూ బతికినదాన్ని, ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగిందాకా నాకు చెమట పట్టిన సంగతే తెలియలేదు.

తర్వాతిది చచ్చిపోయిన రాకుమారుడి కథ. చచ్చిపోయి రెండొందల ఏళ్లయినా పోనివాడు, బట్టల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. నేను సైన్సు టీచర్ని. "గుండే కొట్టుకోనివాడికి సిగ్గుతో మొహం ఎట్లా ఎర్రబడిద్దే?" అని మేనకోడల్ని నిలదీశాను. అది పడీ పడీ నవ్వింది. తర్వాతి అధ్యాయంలో వాడు ఆ అమ్మాయిని వదిలేసి వెళ్లిపోతే ఇద్దరం ఏడ్చాం. ఆ వేసవంతా అట్లాగే గడిచింది. అది కాలేజీలో చేరాక కూడా నేను ఆపలేదు. ఆ వేసవిలో అడిగి తెచ్చుకుని చదివినవి కూడా సొంతానికి కొనుక్కున్నాను, కొత్తవి ఏవి వచ్చాయో ఫోన్లో వెతుక్కుని తెప్పించుకునేదాన్ని.

నాకెందుకు నచ్చాయని అప్పుడు ఎవరూ అడగలేదు. మా వదిన మాత్రం తనే జవాబు చెప్పేసుకుంది. పెళ్లి కానిదానికి ప్రేమకథల పిచ్చి అని. ఆ మాట నాకు చేరింది. చేరాలనే అంది కూడా. నాకు నచ్చింది అది కాదు. ఆ పుస్తకాల్లో పదహారేళ్ల పిల్ల ఒక పట్నం పట్నాన్నే ఎదిరించి "నేను రాను" అంటుంది. అన్నందుకు గోడ దూకాల్సి వస్తుంది, అడవిలో ఆకలితో పడుకోవాల్సి వస్తుంది, కానీ ఆ కథలో ఎవరూ దాన్ని పొగరంటూ కూర్చోరు. నేను ఏ చిన్నదానికి వద్దన్నా పొగరే అయింది. అందుకని నేను ఆ పిల్లలతో తిరిగాను. ఇది ఎవరికైనా చెప్పుకోవాల్సిన విషయమని నాకు అనిపించలేదు.

ప్రిన్సిపాల్ గదిలో మేనకోడలు తల వంచుకుని నేల చూస్తోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. నేను నిజం చెప్పొచ్చు. చెబితే మా అన్నయ్య అక్కడే చెయ్యి చేసుకుంటాడు. ముందు ఈ గదిలోంచి బయటపడితే ఇంట్లో అదే చెప్పుకుంటుందిలే అనుకున్నాను.

"అవునండి, నా పుస్తకమే" అన్నాను.

"మీరు కూడా టీచరే అంటగా మేడం? పిల్లకి రేపు ర్యాంకు పోతే ఈ తోడేలు ఇచ్చిద్దా ర్యాంకు?"

"మీ హాస్టల్లో పిల్లలు ఆదివారం కూడా గేటు దాటడానికి లేదంటగా సార్. తోడేలే నయం, అడవంతా తిరిగిద్ది."

"నోరు ముయ్యవే!" అని అరిచాడు మా అన్నయ్య. ప్రిన్సిపాల్‌తో "క్షమించండి సార్" అన్నాడు. ఆయన పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా వైపు జరిపాడు. మేనకోడల్ని క్లాసుకి పంపేశారు. పోతూ పోతూ కూడా అది నా మొహం చూడలేదు.

కారు చిలకలూరిపేట దాటింది. దాటాక మా వదిన మొదలుపెట్టింది.

"నీకంటే పెళ్లీ పెటాకులూ లేవు. ఏం చదువుకున్నా అడిగేవాడు లేడు. నా బిడ్డకెందుకు అంటించావు ఈ దరిద్రం?"

"నీ బిడ్డనే అడుగు వదినా, ఎవరు ఎవరికి అంటించారో."

"చేసిందంతా చేసి పిల్ల మీదకి నెడతావా?" అన్నాడు అన్నయ్య, స్టీరింగు మీద కొట్టి. నేను కిటికీ వైపు తిరిగాను. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి ముగ్గురమూ దగ్గుతూ, తిట్టుకుంటూ ఇల్లు చేరాం.

హాస్టల్ పిల్లలకి ఇంటికి చేసుకోవడానికి ఆదివారం ఫోన్ ఇస్తారు. ఆ ఆదివారం మేనకోడలు నాకే చేసింది.

"ఏమే, ఎందుకట్లా చెప్పావు?"

"నాన్న చంపేస్తాడత్తా. నువ్వంటే పెద్దదానివి. నిన్నేమంటారు?"

"రేపు సెలవులకొచ్చినప్పుడైనా చెప్తావా?"

"చెప్తాలే అత్తా" అని పెట్టేసింది. చెప్పలేదు. సెలవులకొచ్చింది, తిన్నది, పడుకుంది, పోయింది. నేనున్న మేడ మెట్లు ఎక్కనేలేదు.

నన్నేమంటారని అడిగింది గదా. అన్నారు. మాది తాతల నాటి నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. మా నాన్న బడిపంతులు, ఆదివారాలు వాక్యం చెప్పేవాడు. వదిన మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఈ పుస్తకాల సంగతంతా అక్కడ ప్రార్థన అంశంగా పెట్టింది. ఒక శనివారం సాయంత్రం పాస్టరమ్మగారు, వెనకాల సమాజం ఆడవాళ్లు, మా వదిన కలిసి నా గదిలోకి వచ్చారు. చెప్పులు మెట్ల కింద విడిచి, ముసుగులేసుకుని, తిన్నగా నా పుస్తకాల బీరువా చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది. "రక్తము త్రాగు దురాత్మలారా, మిమ్ములను గద్దించుచున్నాము" అని పాస్టరమ్మగారు గొంతెత్తారు. వీధిలోకి వినపడింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి పైకి చూస్తున్నారు. నేను కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ప్రార్థన అయ్యాక ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "కలలేమైనా వస్తున్నాయా తల్లీ?" అని అడిగారు.

"అందరికీ వచ్చేయే వస్తాయండి."

"తోడేళ్లు అవీ కనపడుతున్నాయా?"

"లేదండి. ఎక్కువగా పదో తరగతి పేపర్లు దిద్దుతున్నట్టు కనపడిద్ది."

ఒకావిడ నవ్వు ఆపుకోలేక ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరమ్మగారు నవ్వలేదు. "హాస్యం కాదమ్మా. దెయ్యాలతో ఆటలు ఆడకూడదు."

"బైబిల్లో దెయ్యాలు పందుల్లోకి దూరి సముద్రంలో పడిన సంగతి మన ఆదివారం బడి పిల్లలకి బొమ్మలేసి మరీ చెప్పింది నేనే గదండీ. అప్పుడు ఎవరికీ ఏమీ పట్టలేదే?"

వదిన నా వైపు ఒక అడుగు వేసింది. పాస్టరమ్మగారు ఆమెను ఆపి, చాలా మెత్తగా అన్నారు. "ఇప్పుడు పిల్లల క్లాసు కూడా ఒక సమస్యే అయింది. తల్లులు భయపడుతున్నారు. వచ్చేవారం నుంచి వేరేవాళ్లు చూసుకుంటార్లే. నువ్వు విశ్రాంతి తీసుకో."

అది నాకు తగిలింది. కాలేజీ చదువు అయిన దగ్గర్నుంచి ఆ పిల్లల్ని నేనే చూసేదాన్ని. వాళ్లకి రంగు సుద్దలు కొనేది నేను, క్రిస్మస్ నాటకానికి రెక్కలు కుట్టేది నేను. ఆడవాళ్లంతా దిగి వెళ్లిపోయాక తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత, వాళ్ల మీద కసితోనే అనుకుంటాను, బీరువా తెరిచి రక్తం ఎక్కువున్న నవల చూసి మరీ తీశాను. కసి నాలుగు పేజీలే ఉంది. అయిదో పేజీ నుంచి మామూలుగానే కథలో పడిపోయాను.

బడిలోకి కూడా పాకింది. స్టాఫ్ రూములో నేను అడుగుపెడితే లెక్కల మాస్టారు ఊళ పెట్టేవాడు. అదొక పెద్ద తమాషా అందరికీ. దెయ్యాల పుస్తకాల టీచరమ్మ అని పేరు పెట్టారు. పదో తరగతిలో ఒక పిల్ల లేచి, "టీచర్, నిజంగా దెయ్యాలున్నాయా?" అని అడిగింది.

"లేవు. కూర్చో."

"మరెందుకు చదువుతారు టీచర్?"

"మీ హీరో ఒక్క గుద్దు గుద్దితే పాతికమంది గాల్లో లేస్తారు. నిజమనేనా ఈలలేస్తున్నారు?"

క్లాసు గొల్లుమంది. ఆ రోజుల్లో నన్ను తెలుసుకోవాలని ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్లందరి దగ్గరా జవాబులే ఉన్నాయి.

పరీక్షల డ్యూటీ పడి నేను దర్శి దాకా పోయి వస్తున్న వారంలో, ఒక సాయంత్రం గదిలోకి వచ్చేసరికి బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. అరలన్నీ ఖాళీ. ఖాళీ అరల్లో కొత్తగా న్యూస్ పేపర్లు పరిచి, మూలల్లో కలరా ఉండలు కూడా వేశారు. పాఠ్యపుస్తకాలు మాత్రం మంచం మీద దొంతరగా పెట్టి ఉన్నాయి. కిందకి పరిగెత్తాను.

వదిన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండా, "పాత పేపర్లవాడు వచ్చాడు. ఇంట్లో చెత్తంతా ఊడ్చేశాం" అంది.

"అవి చెత్తా?"

"మీ అన్నయ్య చెప్పాడు, వేసేశాను. ఏమన్నా ఉంటే ఆయన్నే అడుగు."

పాత పేపర్ల కొట్టు మార్కెట్ రోడ్డు చివర. పోయేసరికి మూసేశాడు. మర్నాడు పొద్దున పోతే, "ఇంగ్లీషు బుక్కులా? మంచి తెల్ల కాగితం గదండీ, నిన్న సాయంత్రమే బండ్లవాళ్లు పట్టుకెళ్లారు" అన్నాడు. ఏ బండ్లవాళ్లో నాకు అర్థం కాలేదు. అర్థమైంది రెండు మూడు రోజుల తర్వాత, బస్టాండు ముందు.

బజ్జీల బండి ఆవిడ నాలుగు మిరపకాయ బజ్జీలు కాగితంలో పెట్టి చేతికిచ్చింది. నూనెకి కాగితం అద్దంలా అయింది, అక్షరాలు రెండు వైపులవీ కలిసి కనపడుతున్నాయి. అయినా గుర్తుపట్టాను. చచ్చిన రాకుమారుడు సెలవు తీసుకునే పేజీ. వాక్యం కింద పెన్సిల్‌తో నేను గీసిన గీత, పక్కన నా చేతిరాతతో "అబద్ధాలకోరు!" అని ఉంది. వాణ్ణి నేనే తిట్టిన తిట్టు.

"ఏంటమ్మా, బజ్జీ తినకుండా కాగితం చదువుతున్నావు?" అంది బండి ఆవిడ.

"ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా?"

"కట్టకి కట్ట ఉంది. ఎందుకు?"

"నాకివ్వండి."

"నీకిస్తే నేను బజ్జీలు దేంట్లో కట్టాలి? బేరాల టైములో అడ్డం నిలబడకమ్మా, జరుగు!"

వినకుండా చెయ్యి చాపి, బండి పక్కన వేలాడుతున్న కట్టలోంచి చేతికొచ్చినన్ని పీకాను. ఆవిడ జల్లిగరిటె ఎత్తింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. ఓడలో పుట్టిన పిల్ల, తోడేలు కుర్రాడు, రాకుమారుడు, అన్నీ కలగాపులగంగా నా చేతిలోకి వచ్చాయి. అట్లాగే పట్టుకుని తిన్నగా మా అన్నయ్య కొట్టుకి నడిచాను.

కొట్టు నిండా రైతులు. మిరపకి నల్ల తామర పురుగు పట్టిన కాలం. ముడుచుకుపోయిన కొమ్మలు కవర్లలో పెట్టుకుని వచ్చి కౌంటరు మీద పరుస్తున్నారు. ఆ కొమ్మల మీదే నా నూనె కాగితాలు పెట్టాను.

"ఏందివి?" అన్నాడు అన్నయ్య.

"నా పుస్తకాలు. బజ్జీలకి బాగా పనికొస్తున్నాయంట. చెప్పి వెళ్దామని వచ్చా."

"ఇంటికి పో. ఇంట్లో మాట్లాడదాం."

"ఇంట్లో నన్నడక్కుండా అమ్మేశావు గదా. ఇక్కడే మాట్లాడదాం."

"ఆ దరిద్రం నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. దెయ్యాలూ పీనుగులూ... సిగ్గుండాలి నీ వయసుకి!"

"సిగ్గు నాకా? చేతబడి సీరియల్ కోసం వారపత్రిక వచ్చే రోజు పొద్దున్నే ఇదే బస్టాండ్ కాడికి పరిగెత్తింది ఎవరు? నాన్న చూస్తాడని బైబిల్లో పెట్టుకుని చదివింది ఎవరు? శ్మశానం కథ చదివి నెల రోజులు ఒక్కడివే దొడ్లోకి పోలేక, నన్ను లేపి తోడు తీసుకెళ్లింది ఎవరు?"

తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన, "అవునమ్మాయ్, ఆ సీరియల్ నేను కూడా చదివా. ఆ చివర్లో ఆ మంత్రగాడు ఏమయ్యాడు?" అన్నాడు చాలా శ్రద్ధగా. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో మా అన్నయ్య మొహం ఎండు మిరపకాయలా అయింది.

"అది వేరు" అన్నాడు. "అది తెలుగు!"

దానికి నేను కూడా నవ్వాను. అదే అతను భరించలేకపోయాడు. కాగితాలన్నీ చేత్తో కిందకి తోసి, "నా ఇంట్లో ఉండాలంటే నేను చెప్పినట్టు ఉండాలి" అన్నాడు.

"అయితే ఉండను."

"పో! ఎవడు కూర్చోబెట్టి చదివిస్తాడో చూస్తా."

కాగితాలు ఏరుకోలేదు. వంగి ఏరుకోవడం వాళ్లు చూడటం నాకిష్టం లేకపోయింది.

ఆ నెలలోనే చీరాల మారిపోయాను. చీరలు నేసే కుటుంబం ఇల్లు అది. వెనక వాటా నాకిచ్చారు. రోజూ బస్సులో బడికి పోయి వస్తాను. పొద్దుటి నుంచి ముందు గదుల్లో మగ్గాలు టకటకలాడుతుంటాయి. మొదట్లో తలనొప్పి వచ్చేది, ఇప్పుడు ఆ చప్పుడు ఆగితేనే చదువు సాగదు. మొదటి కొరియర్ వచ్చిన రోజు ఇంటావిడ పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏముంటాయమ్మా ఇందులో?" అంది. ఇప్పుడే చెప్పేస్తే నయమని, "దెయ్యాల కథలండి" అన్నాను. "మా పిల్లలకి చెప్పమాకండి, జడుసుకుంటారు" అని పొట్లం చేతికిచ్చి పోయింది. అంతే. అంత తేలిగ్గా తేలిపోయేసరికి నాకు కోపం వచ్చింది, ఇన్నాళ్లూ అనవసరంగా పడ్డ మాటలన్నీ గుర్తొచ్చి.

ఇప్పుడు చదువుతున్నది సముద్రం అడుగున కట్టిన పట్నం కథ. అక్కడ గాలికి రేషను. చచ్చినవాళ్లతో మాట్లాడగల పిల్ల ఒకతి ఉంటుంది, దానికి బతికున్నవాళ్లతో మాట్లాడటం చేతకాదు. ఈ మధ్య ఇంత మంచి పిల్లని నేను చూడలేదు. రచయిత్రికి ఊపిరితిత్తుల గురించి ఒక్క ముక్క తెలియదు, అయినా సరే.

మొన్న ఒక ఆదివారం మేనకోడలు వచ్చింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. పొడుగయింది. అన్నం పెట్టాను, గోంగూర వేసుకుని తిన్నది. కాలేజీ కబుర్లు చెప్పింది. చెబుతూనే మంచం మీదున్న పుస్తకం వైపు చూస్తోంది. చివరికి చెయ్యి కడుక్కొచ్చి దాన్ని తీసింది.

"కొత్తదా అత్తా? బాగుందా?"

"చాలా బాగుంది."

"తీసుకెళ్లనా?"

"మీ నాన్నకి చెప్పావా?"

దానికి అర్థమైంది. "ఇప్పుడెందుకత్తా అయన్నీ? అయిపోయినయ్యి గదా."

"నీకు అయిపోయినయ్యి."

"అప్పుడు నాకు పదహారేళ్లు అత్తా. భయమేసింది."

"ఈ పుస్తకంలో పిల్లకి కూడా పదహారే. ఇప్పుడు నీకు పదహారు కాదుగా. పోయి చెప్పు. చెప్పి వచ్చి బీరువా మొత్తం పట్టుకుపో."

అది పుస్తకం వైపు, నా వైపు చూసి, మంచం మీద పెట్టేసింది. "నీక్కూడా అచ్చం నాన్న పట్టుదలే" అంది. ఆ మాట నేను ఇంకెవరి దగ్గర విన్నా ఊరుకునేదాన్ని కాదు. బస్టాండు దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చాను. బస్సు కదులుతుంటే చెయ్యి ఊపింది, నేను కూడా ఊపాను.

ఇల్లు చేరేసరికి ఫోన్లో మెసేజ్. "అత్తా, ఆ బుక్ పేరు పంపవా ప్లీజ్."

అట్ట చూశావుగా, వెతుక్కో అని జవాబిచ్చాను. తర్వాత ఫోన్ పక్కన పడేసి, సముద్రం అడుగున ఆ పిల్లకి గాలి దొరికిందో లేదో చూద్దామని పుస్తకం తీశాను.